శాలువా కంటే ముందు పద్దు: ఒక సంపాదకుల సంఘం తన వాలంటీర్లను గౌరవించిన తీరు

ఉమ్మడి నల్లగొండ, ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాల్లోని పుస్తక సంపాదకులు, ప్రూఫ్ రీడర్లు, అనువాదాలు సరిదిద్దేవారు, కంప్యూటర్‌లో పేజీలు అమర్చే డీటీపీ ఆపరేటర్లు కలిసి నడుపుకునే ఒక వృత్తి సంఘం మీద కేస్ స్టడీ ఇది. సంఘం పేరు, మనుషుల పేర్లు రాయడం లేదు. సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం, 2001 కింద రిజిస్టరైంది. జీతం తీసుకునే సిబ్బంది లేరు. ఆఫీసంటే కార్యదర్శి ఇంట్లో ఒక బీరువా, రెండు వాట్సాప్ గ్రూపులు.

కాబట్టి సంఘంలో జరిగేదంతా ఎవరో ఒకరు ఊరికే చేసిపెట్టే పనే. కొత్తవారికి ప్రూఫు గుర్తులు నేర్పడం, పేజీ రేట్ల పట్టికను ఏటా సవరించడం, ఊళ్ల పేర్ల వర్ణక్రమ పట్టిక చూసుకోవడం, సభ్యత్వ రిజిస్టరు, బ్యాంకు పని, హాలు మాట్లాడటం, బకాయి పెట్టిన ప్రచురణకర్త దగ్గరికి సభ్యుడికి తోడుగా వెళ్లడం. ఈ పనులు చేసే చేతులు మెల్లగా తగ్గుతూ వచ్చాయి. ఎవరూ గొడవ పడలేదు, రాజీనామాలు ఇవ్వలేదు. ఫోన్ చేస్తే ‘ఈ వారం కుదరదన్నా’ అనే జవాబు ఎక్కువైంది, అంతే.

సన్మానాలు లేక ఇలా జరిగిందా అంటే, ప్రతి సర్వసభ్య సమావేశంలోనూ సన్మానాలు ఉండేవి. ముఖ్య అతిథికి, హాలు ఇచ్చిన వారికి, సంఘం వార్షిక సంచికకు ప్రకటన ఇచ్చిన వారికి, కార్యవర్గానికి శాలువాలు పడేవి. మైకు దగ్గర నిలబడేవారి పని అందరికీ కనిపిస్తుంది. నాలుగు ఫారాల (అరవై నాలుగు పేజీల) సంచికను మూడుసార్లు చదివిన మనిషి పని కనపడదు. పని బాగా చేస్తే తప్పు ఉండదు కాబట్టి దాని ఆనవాలు కూడా మిగలదు. మిగతా వృత్తి సంఘాల కంటే సంపాదకుల సంఘానికి ఈ చిక్కు ఎక్కువ. ‘శాలువా నాకెందుకు సార్, ఆ పట్టిక నేను చేసిన అని ఒక్కపారన్న చెప్పిన్రా’ అన్న తరహా మాటలే అసలు ఫిర్యాదు. గౌరవం అంటే కార్యక్రమం పెట్టడమని కార్యవర్గం అనుకుంది. వాలంటీర్లు కోరుకున్నది తమ పని ఏమిటో సరిగ్గా చెప్పడం. ఆ తేడా తెలిశాక చేసిన మార్పులే ఈ కేస్ స్టడీ.

పద్దు పుస్తకం

మొదట సన్మానాలను పక్కన పెట్టి పద్దు, అంటే ఎవరు ఏ పని చేశారో ఎప్పటికప్పుడు రాసిపెట్టడం, మొదలుపెట్టారు. ఏడాది చివర కూర్చుని ‘ఎవరెవరు ఏం చేశారు’ అని గుర్తుచేసుకుంటే చివరి రెండు నెలల పనే గుర్తొస్తుంది. ఫిబ్రవరిలో శిక్షణ ఇచ్చినవారు డిసెంబరుకల్లా జ్ఞాపకంలోంచి జారిపోతారు.

పద్దుకు ఆరు గళ్లు: తేదీ, పని, చేసినవారు, ఆ పని ఎవరికి ఉపయోగపడింది, నిదర్శనం, పేరు బయట చెప్పవచ్చా. ఒక్కో పద్దు పదిహేను మాటలు దాటకూడదు. నిదర్శనం అంటే ఫైలు పేరు, మినిట్స్ పేజీ, ఫొటో, ఏదైనా సరే. పొడుగు నోటుబుక్కులో రాసి, అదే ఆన్‌లైన్ షీట్లో ఎక్కిస్తారు. షీట్ చూడటానికి సభ్యులందరికీ హక్కు, మార్చడానికి ఇద్దరికే. పద్దు రాసే మనిషి కార్యవర్గ సభ్యుడై ఉండకూడదన్నది మొదటి నుంచీ ఉన్న నియమం. కార్యవర్గం చేసిన పనిని కార్యవర్గమే రాసుకుంటే చదివేవారికి నమ్మకం కుదరదు.

పద్దులు వచ్చే తోవ వెతకడమే కష్టమైంది. ‘ఈ నెల మీరేం చేశారో రాయండి’ అని గ్రూపులో పెడితే చెప్పుకునే అలవాటు ఉన్నవారే రాస్తారు. మిగతావారు చప్పుడు చేయరు. అందుకని ప్రశ్న తిప్పారు. నెల మొదటి ఆదివారం పద్దు రాసే సభ్యుడు కొందరికి ఫోన్ చేసి ‘పోయిన నెల మీకు సంఘంలో ఎవరు సాయం చేశారు?’ అని అడుగుతాడు. ప్రతినెలా వేరే వేరే మనుషులు. సొంత పని చెప్పుకోవడానికి మొహమాటపడే మనిషి కూడా ఎదుటివారి సాయం గురించి అడిగితే ఆగకుండా చెబుతాడు. పద్దు పుస్తకంలో ఎక్కువ భాగం ఇలా వచ్చిందే.

పాలమూరు (మహబూబ్‌నగర్) వాళ్లకు ఈ పద్ధతి కొత్తేం కాదు. నిజాం రాష్ట్రంలో తెలుగు కవులు లేరన్న మాటకు, గద్వాల ప్రాంతపు ఇటిక్యాలపాడుకు చెందిన సురవరం ప్రతాపరెడ్డి 1934లో 354 మంది కవుల పద్యాలు, వివరాలు సేకరించి గోలకొండ కవుల సంచిక వేశారు. పేరు, ఊరు, పని పక్కపక్కన అచ్చులో పెట్టాక వాదనకు చోటుండదు.

గంటలు లెక్కపెట్టాలా వద్దా అన్నది కొన్నాళ్లు నలిగింది. వద్దనే తేల్చారు. పదహారు పేజీల ఫారాన్ని ఒకరు రెండు గంటల్లో చూస్తారు, మరొకరు నాలుగు గంటలు తీసుకుంటారు. గంటలు రాస్తే నెమ్మదిగా చేసినవారు ముందుకొస్తారు. పైగా ‘నా లెక్క రాసుకోవాల’న్న ఆలోచన మొదలైతే ఊరికే చేసే పనికి కూలీ పని వాసన వస్తుంది. గంటల బదులు బాధ్యత మోసిన కాలం రాస్తారు: ‘ఏప్రిల్ నుంచి నవంబరు దాకా’. నెలలు మోసిన పనీ ఒక్కరోజు పనీ ఒకటి కాదని చెప్పడానికి అది చాలు.

ఏది సేవ, ఏది పని

ఇది తేల్చకుండా ఎన్ని సన్మానాలు చేసినా వృథా అని నా అభిప్రాయం. సంపాదకుడికి పేజీకింత అని వస్తేనే ఇల్లు గడుస్తుంది. అలాంటి మనిషితో సంఘం తన సంచిక ప్రూఫులు ఊరికే చూపించుకుని, చివర్లో శాలువా కప్పితే అది గౌరవం కాదు, ఎగవేత. పైగా సభ్యులకు కనీస రేట్ల పట్టిక అచ్చువేసి ఇచ్చేది ఆ సంఘమే. ఆ పట్టికను మొదట తుంగలో తొక్కింది తానే అయితే, ప్రచురణకర్తల ముందు దాని మాట చెల్లదు.

అందుకే ఏ పనైనా వాలంటీరును అడిగే ముందు మూడు ప్రశ్నలు వేసుకోవాలని నియమం పెట్టారు. ఈ పని వల్ల సంఘానికి డబ్బు వస్తుందా? ఇదే పనికి బయట సభ్యుడికి డబ్బు ఇస్తారా? గడువు పెట్టేది ప్రెస్సువాళ్లో, అతిథి రాకో, అలాంటి బయటి కారణమేదైనా ఉందా? మొదటి రెండింటికీ అవునంటే సొంత పట్టిక ప్రకారం డబ్బు ఇవ్వాల్సిందే. మూడోదానికి అవునంటే, డబ్బు ఇవ్వకపోయినా పనిని ఇద్దరికి పంచాలి. ప్రకటనలు వేసుకున్న వార్షిక సంచిక ప్రూఫులు ఈ లెక్కన సేవల జాబితాలోంచి బయటికి వచ్చాయి. ప్రకటన డబ్బులో మొదటి వాటా ప్రూఫులకే పోతోంది. కొత్తవారికి నేర్పడం, స్థలనామాల పట్టిక, బకాయిల విషయంలో తోడు వెళ్లడం సేవగానే మిగిలాయి. దారి ఖర్చు మాత్రం ఎవరికైనా ఇస్తారు. అదీ పని అయిన రోజే. బస్సు టికెట్టు డబ్బులను సన్మాన కవరులో పెట్టే అలవాటు ఒకటి ఉండేది, దాన్ని మాన్పించారు. బాకీ తీర్చడం వేరు, సన్మానం వేరు.

మెట్లు

అందరికీ ఒకే మెమెంటో ఇస్తే ఎవరికీ ఇచ్చినట్టుండదు. ఒక్కరికే ఇస్తే మిగతావారు చిన్నబోతారు. దీనికి బయటి సంపాదక సంఘాల తీరు చూశారు. 1979లో మొదలైన ఎడిటర్స్ కెనడాలో స్వచ్ఛంద సేవకు అధ్యక్షుల పురస్కారం ఏటా కొందరికి ఇచ్చి, వారిలోంచి ఒకరిని లీ డాంజూ అనే వ్యక్తి పేరిట ఆ ఏటి వాలంటీరుగా ఎంచుతారు. కొందరిని మెచ్చుకుని, వారిలో ఒకరిని ముందుకు తేవడం ఇక్కడి సంఘానికీ నచ్చింది. పురస్కారానికి దాత పేరు పెట్టాలన్న ప్రతిపాదన వచ్చింది, ఒప్పుకోలేదు. దాత పేరు ఫ్లెక్సీ మీద పెద్దదైన కొద్దీ వాలంటీరు పేరు చిన్నదవుతుందని వాళ్లకు అంతకుముందే తెలుసు.

ఇప్పుడు మెట్లు నాలుగు. పని ముగిసిన వారంలోగా, ఆ పని ఎవరికి ఉపయోగపడిందో వారే పంపే కృతజ్ఞతా సందేశం మొదటిది. అందులో పని పేరు ఉండి తీరాలి, ‘మీ సేవలకు ధన్యవాదాలు’ ఒక్కటే చెల్లదు. రెండోది, పద్దులో ఉన్న ప్రతి ఒక్కరి పేరూ పనితో సహా వార్షిక నివేదికలో అచ్చవడం, సర్వసభ్య సమావేశం తీర్మానంగా మినిట్స్‌లోకి ఎక్కడం. ఫ్లెక్సీ సాయంత్రానికి చినిగిపోతుంది, మినిట్స్ పుస్తకం సంఘం ఉన్నంతకాలం ఉంటుంది. మూడోది, నెలల తరబడి బాధ్యత మోసినవారికి లెటర్‌హెడ్ మీద ఉత్తరం. నాలుగోది ఒకే ఒక్క పురస్కారం.

మూడో మెట్టు ఉత్తరాన్ని కార్యవర్గం తేలిగ్గా తీసుకుంది కానీ, పొందినవారికి అదే ఎక్కువ పనికొచ్చింది. ఫ్రీలాన్సు పని వెతుక్కునే డీటీపీ ఆపరేటరుకు ‘వార్షిక సంచిక పాత ఫైళ్లను యూనికోడ్‌లోకి మార్చి, మార్పిడిలో పోయిన వత్తులను సరిచేశారు’ అని రాసి సంతకం చేసిన కాగితం కొత్త ప్రచురణకర్త ముందు పెట్టడానికి పనికొస్తుంది. మెమెంటో పనికి రాదు.

ఎంపిక

సమావేశానికి 60 రోజుల ముందు ప్రతిపాదనలు అడుగుతారు, 45 రోజుల ముందు గడువు ముగుస్తుంది. ప్రతిపాదన 150 మాటల్లోపు, పద్దులోంచి కనీసం ఒక నిదర్శనంతో. ఎవరి పేరు వారు పంపకూడదు. ఎంపికకు ముగ్గురు: నల్లగొండ వైపు నుంచి ఒకరు, పాలమూరు వైపు నుంచి ఒకరు, క్రితం ఏడు పురస్కారం పొందినవారు. ప్రస్తుత కార్యవర్గంలో ఉన్నవారు ఎంపికలో కూర్చోకూడదు, పురస్కారానికీ అర్హులు కారు. పదవి దిగేటప్పుడు వారికి కృతజ్ఞతా తీర్మానం ఎలాగూ ఉంటుంది. ఒకసారి పొందినవారికి మూడేళ్ల దాకా మళ్లీ లేదు. తగినవారు లేరనిపిస్తే ఆ ఏడు ఇవ్వరు. మార్కుల పట్టికలు పెట్టలేదు. ఎంపిక కారణం మాత్రం రెండు వాక్యాల్లో రాసి మినిట్స్‌లో చేర్చాలి. ఆ రెండు వాక్యాలు రాయలేకపోతే ఎంపికలోనే లోపముందన్నమాట.

ఎంపికయ్యాక, ప్రకటించే ముందు, ఆ మనిషిని అడగాలి. దీన్ని చాలా సంఘాలు మరిచిపోతాయి. పత్రికలో జీతానికి పనిచేస్తూ బయట సంఘానికి సాయపడేవారు, ప్రభుత్వ ఉద్యోగంలో ఉన్నవారు పేరు బయటికి రావద్దనవచ్చు. వేదిక ఎక్కడం ఇష్టం లేనివారూ ఉంటారు. వద్దంటే కారణం అడగకూడదు, బతిమాలకూడదు. ఉత్తరం ఇంటికి పంపితే చాలు.

సన్మాన పత్రం

సంపాదకుల సంఘం పరువు పోయేదీ నిలిచేదీ ఇక్కడే. పాత పత్రం ఇలా మొదలయ్యేది: ‘సాహితీ సేవా ధురీణులు, నిగర్వి, మృదుభాషి, బహుముఖ ప్రజ్ఞాశాలి, అక్షర తపస్వి అయిన తమరికి...’ పేరు తీసేసి ఇంకొకరి పేరు పెట్టినా అతుకుతుంది. ఇంకొకరి రాతలో ఇలాంటి వాక్యం కనిపిస్తే అడ్డంగా కొట్టేసే మనుషులు తమ తోటివాడికి మాత్రం ఇదే చదివి వినిపించేవారు.

కొత్త పత్రానికి హద్దు 40 మాటలు. ఏం చేశారు, ఎప్పటి నుంచి ఎప్పటి దాకా, దానివల్ల ఏం మారింది అనే మూడు ఉంటే చాలు. విశేషణాలు వద్దు. ఒక నమూనా:

‘ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా ఐదు జిల్లాలయ్యాక మండలాల పేర్లను ప్రభుత్వ ఉత్తర్వులతో సరిపోల్చి, ఒక్కో పేరుకు ఒకే వర్ణక్రమం ఖాయం చేసి స్థలనామాల పట్టిక తయారుచేశారు. ఏప్రిల్ నుంచి నవంబరు దాకా సభ్యుల సవరణలు చేర్చారు. ఈ ఏడు సంచికలో ఏ ఊరి పేరూ రెండు రకాలుగా అచ్చుకాలేదు.’

ఈ పట్టిక ఎంత పనో బయటివారికి తెలియదు. 2016 అక్టోబరు 11న ఉమ్మడి మహబూబ్‌నగర్‌లోంచి వనపర్తి, నాగర్‌కర్నూల్, జోగులాంబ గద్వాల జిల్లాలు వచ్చాయి. 2019లో నారాయణపేట వచ్చింది. నల్లగొండలోంచి సూర్యాపేట, యాదాద్రి భువనగిరి విడిపోయాయి. పాత పుస్తకం పునర్ముద్రణకు వస్తే ‘నల్లగొండ జిల్లా భువనగిరి’ని అలాగే ఉంచాలా, మార్చాలా, అడుగున గమనిక వేయాలా అన్నది ప్రతి సంపాదకుడికీ ఎదురయ్యే ప్రశ్న. జవాబు పట్టికలో ఉంది. దాన్ని రాసిన మనిషి పేరు మాత్రం పద్దు మొదలయ్యేదాకా ఎక్కడా లేదు.

పత్రం రాసేది పనిని దగ్గర నుంచి చూసినవారు. సరిదిద్దేది వేరొకరు. ఆఖరున పొందేవారికే చూపిస్తారు. రహస్యంగా ఉంచి ఆశ్చర్యపరచాలనుకుంటే తప్పులు అచ్చయ్యే దాకా బయటపడవు. తాను చేయని పని తన పేరున చదివితే ఆ మనిషికి కలిగే ఇబ్బంది చిన్నది కాదు, అసలు చేసినవారు ఎదురుగా కూర్చుని ఉంటే మరీనూ.

అచ్చు, మెమెంటో

ప్రూఫ్ రీడర్ల సంఘం ఇచ్చే మెమెంటో మీద అచ్చుతప్పు ఉంటే ఏళ్ల తరబడి చెప్పుకుంటారు. తప్పు ఎక్కువగా దొర్లేది రాతలో కంటే మార్పిడిలో. మెమెంటో షాపుల్లో చాలాచోట్ల యూనికోడ్ కాని అను ఫాంట్లతో, కోరల్ డ్రా అనే డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో పని జరుగుతుంది. మనం వాట్సాప్‌లో యూనికోడ్‌లో పంపిన పాఠాన్ని వాళ్లు కన్వర్టర్‌లో వేస్తారు, లేదంటే చూసి మళ్లీ కొడతారు. రెండు అక్షరాలు కలిసిపోకుండా మధ్యలో ఉండే కనపడని గుర్తు (జీరో విడ్త్ నాన్ జాయినర్) కన్వర్టర్‌లో ఎగిరిపోతే ‘మహబూబ్‌నగర్’ కాస్తా ‘మహబూబ్నగర్’ అవుతుంది. ‘నాగర్‌కర్నూల్’కూ అదే గతి. ‘శ్రీనివాస్‌రావు’ లాంటి పేర్లు కూడా ఇలాగే ముద్దవుతాయి. చూసి కొట్టిస్తే దీర్ఘాలు, వత్తులు మారుతాయి.

దీనికి సంఘం పాటిస్తున్న పద్ధతి: పాఠాన్ని తామే అమర్చి, అక్షరాలను కర్వ్స్‌గా (ఫాంటు అవసరం లేని గీతల బొమ్మలుగా) మార్చిన పీడీఎఫ్‌నే షాపుకు ఇస్తారు. షాపులో ఒక్క అక్షరం కూడా కొట్టే అవసరం ఉండకూడదు. పేరు ఎలా ఉండాలో పొందేవారినే అడుగుతారు. ఇంటిపేరు ముందా, పొడి అక్షరాలా పూర్తి పేరా, ‘శ్రీమతి’ ఉండాలా వద్దా. ఆధార్‌లో ఉన్నది చూసి వేస్తే చాలామందికి నచ్చదు, పుస్తకాల్లో వారి పేరు వేరేగా అచ్చవుతుంది. ఖాయం చేసిన పేరును టెక్స్టుగా కాకుండా చిత్రంగా పంపి ‘సరే’ అనిపించుకుంటారు. సమావేశానికి 15 రోజుల ముందు షాపుకు ఫైలు, 10 రోజుల ముందు నమూనా. నమూనాను ఇద్దరు చూడాలి. ఒకరు చివరి నుంచి మొదటికి ఒక్కో మాట చదవాలి. పెద్ద అక్షరాల్లో తప్పు దాక్కున్నంత బాగా చిన్న అక్షరాల్లో దాక్కోదు, ఇది ఈ వృత్తిలో అందరికీ తెలిసిందే. 5 రోజుల ముందు సరుకు చేతికి రావాలి. అంతకంటే ఆలస్యమైతే తప్పు కనిపించినా దిద్దే వ్యవధి ఉండదు.

పత్రానికి 300 జీఎస్‌ఎం నున్నటి కార్డు వాడితే సంతకం జెల్ పెన్ను సిరా అలుక్కుపోతుంది, లేజర్ ప్రింటు మడిచిన చోట పొరలు లేస్తుంది. మెరుపు లేని కాగితం తీసుకుని, చుట్టకుండా ఫోల్డరులో పెట్టి ఇవ్వాలి.

శాలువాను పూర్తిగా తీసేయలేదు. తీసేస్తే పెద్దవారు లోటుగా భావిస్తారు. బజారులో దొరికే సింథటిక్ శాలువా బదులు పోచంపల్లి నూలు తువ్వాలు ఇస్తున్నారు, ఇంట్లో వాడకానికి వస్తుంది. పురస్కారానికి మాత్రం నూనె పట్టించిన నూలుతో నేసే పుట్టపాక తేలియా రుమాలు. అది ఖరీదైనది, ముందే చెప్పి నేయించుకోవాలి కాబట్టి ఒక్కరికే.

సమావేశం రోజు

చోటు కల్వకుర్తి. నల్లగొండ నుంచి దేవరకొండ మీదుగా, మహబూబ్‌నగర్ నుంచి జడ్చర్ల మీదుగా ఆర్టీసీ బస్సులో రావచ్చు. అంతకుముందు సన్మానాలు సాయంత్రం చివర్లో ఉండేవి. గద్వాల వాళ్లు, కోదాడ వాళ్లు బస్సుల కోసం మూడు గంటలకే లేచిపోయేవారు. అతిథి ప్రసంగం సాగితే వాలంటీర్ల పేర్లు గబగబా చదివేవారు. ఇప్పుడు పదకొండు గంటలకు, అతిథి ప్రసంగం కంటే ముందే గౌరవాలు. పత్రం చదవడానికి అర నిమిషం, ఇవ్వడానికి, ఫొటోకు ఒక నిమిషం. పదిమంది ఉన్నా ఇరవై నిమిషాల్లో అయిపోతుంది. అతిథికి పది నిమిషాలని పిలిచేటప్పుడే చెబుతారు.

ఇచ్చే చేయి మార్చడం వల్ల వచ్చిన తేడా మిగతా మార్పులన్నింటికంటే ఎక్కువ. పత్రాన్ని అతిథి ఇవ్వడు, ఆ పనివల్ల లాభపడినవారు ఇస్తారు. ప్రూఫు గుర్తులు నేర్పినవారికి, వారి దగ్గర నేర్చుకుని ఇప్పుడు పేజీ లెక్కన పని చేసుకుంటున్న అమ్మాయి ఇచ్చింది. తర్వాత ఆ పనికి మనుషులను వెతకాల్సిన అవసరం రాలేదు.

ఫ్లెక్సీ మీద ఎవరి ముఖాలూ వేయరు. ఎవరి ఫొటో పెద్దది, ఎవరిది మూలన ఉందన్న పంచాయితీ ఇక్కడి సభలన్నిటికీ తెలిసిందే. రాలేని పెద్దవారి ఇంటికి ముందే ఫోన్ చేసి ఇద్దరు వెళ్తారు. పదిమంది వెళ్తే ఆ ఇంట్లో ఆడవాళ్లకు చాయ్ పెట్టే పనే మిగులుతుంది.

తర్వాత

గౌరవం పొందిన మనిషి మీద వెంటనే ఇంకో పని వేయడం సంఘాలకు రివాజు. ‘మీరైతేనే న్యాయం చేస్తారు’ అంటూ శాలువా కప్పిన చేత్తోనే కన్వీనర్ బాధ్యత అంటగడతారు. వాలంటీర్లు మొహం చాటేయడానికి ఇదీ ఒక కారణమని నెలనెలా చేసే ఫోన్లలోనే తేలింది. అందుకని పురస్కారం పొందినవారిని మూడు నెలల దాకా కొత్త పని అడగకూడదని మినిట్స్‌లో రాసుకున్నారు. వారంతట వారే వస్తే వేరే సంగతి. పని వదిలి వెళ్లేవారికి కూడా అప్పగింత రోజునే ఉత్తరం ఇస్తారు, సర్వసభ్య సమావేశం దాకా ఆగరు. అప్పగింత కాగితంలో ఫైళ్లు, పాస్‌వర్డులు, సగంలో ఉన్న పనులు రాయించుకుంటారు. మర్యాదగా సాగనంపిన మనిషి తర్వాత ఫోన్ చేసి అడిగినా చెబుతాడు.

తేలని విషయం ఒకటి ఉంది. బకాయిలు ఇప్పించడానికి తోడు వెళ్లేవారి పనిని బయట రాయడం కుదరదు. రాస్తే ఏ ప్రచురణకర్త, ఎంత, ఎవరికి అన్నవి బయటపడతాయి, బాకీ రాబట్టుకున్న సభ్యుడికి ఆ తర్వాత పని దొరకదు. గ్రూపుల్లో తగువులు తీర్చేవారి సంగతీ అంతే. వీటికి పద్దు పుస్తకంలో మూసి ఉంచే పేజీలు పెట్టారు. పద్దు రాసే సభ్యుడు, ఎంపిక ముగ్గురు తప్ప మరొకరు చూడకూడదు. పత్రంలో ‘బకాయిల విషయంలో సభ్యులకు తోడు నిలిచారు’ అన్నంత వరకే రాస్తారు. పద్దు రాసే బాధ్యత రెండేళ్లకొకసారి చేతులు మారుతుంది. అప్పుడు ఆ పేజీలను కొత్తవారికి ఇవ్వాలా, చింపేయాలా అన్నది వచ్చే సర్వసభ్య సమావేశం ఎజెండాలో ఉంది.